పుట్టి కింద నడక

ఈ సంగతి రాయాల్సిన పని లేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. పోయిన వేసవిలో గ్రంథాలయంలో ఒక ప్రత్యేక సంచిక నా చేతికి వచ్చింది. మంచి కాగితం, రంగుల అట్ట. అందులో పల్నాటి వైపు కళల గురించి ఎవరో పెద్ద చదువుల ఆయన రాసిన వ్యాసం ఉంది. కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు పడవల మీదా నీళ్ళ మీదా వాయించే దరువు గురించి రాస్తూ, చివరికి ఆడవాళ్ళు బోర్లించిన పుట్టిని, అంటే బుట్టపడవను, నెత్తిన పెట్టుకొని తాబేళ్ళలా గట్టెక్కుతారని రాశాడు. అది కూర్మావతారానికి మొక్కే ప్రాచీన ఆచారమట. తరతరాలుగా వస్తోందట.

ఆ పేజీ దగ్గర నా చెవులు వేడెక్కాయి. నేను అచ్చును నమ్మే మనిషిని. ఐదో తరగతితో బడి మానేశాను, ఆ తర్వాత తెలిసిందంతా అచ్చులోంచే తెలిసింది. అలాంటిదాన్ని, మొదటిసారి ఒక పుస్తకాన్ని చూసి తల దించుకున్నాను. ఎందుకంటే ఆ తాబేలు నడక తరతరాలది కాదు. ఒక్క సాయంత్రం పుట్టింది. మొదటి పుట్టి కింద మా అత్తా నేనూ ఉన్నాం. అప్పుడు మా మనసులో ఏ దేవుడూ లేడు. ఒళ్ళు దాచుకోవాలి, అంతే.

మా ఊరు అచ్చంపేటకు పైన, ఏటి ఒడ్డున ఉండేది. పెళ్ళై వచ్చాక అచ్చంపేటలో చేపలమ్మే పని నా వంతైంది. గంప తొందరగా ఖాళీ అయితే బస్సు వచ్చేదాకా చేసేదేమీ లేదు. బజారు చివర గ్రంథాలయం ఉండేది. మొదటిసారి గుమ్మంలో నిలబడ్డప్పుడు గ్రంథపాలకుడు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు గానీ పొమ్మనలేదు. కిటికీ పక్క బల్ల చూపించాడు. ఆ రోజు నుంచి నిమ్మతొక్కతో చేతులు రుద్దుకొని, వాసన చూసుకొని, మళ్ళీ రుద్దుకొని లోపలికి పోయేదాన్ని. బీరువాలో కింది అర ఎడమ చివర నుంచి మొదలుపెట్టాను. తేనెటీగల పెంపకం, కొండవీటి రాజుల చరిత్ర, కడుపునొప్పులకు మూలికలు, నవలలు, నాటకాలు. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అన్నీ చదివాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

ముందు దరువు సంగతి చెప్పాలి. అది వినోదం కోసం పుట్టింది కాదు. మడుగులో వల కట్టాక చేపను వల వైపు తోలాలి. మగవాళ్ళు పడవలోనూ పుట్టిలోనూ కూర్చొని అంచుల మీద తెడ్లతో కొడతారు. పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, అడుగున గోనెపట్టా కుట్టి తారు పూస్తారు. ఆడవాళ్ళం ఒడ్డు వారగా నడుంలోతు నీళ్ళలో నిలబడి అరచేతులతో నీళ్ళు చరిచేవాళ్ళం, చేప ఇటు తప్పించుకు రాకుండా. చెయ్యి చాపి కొడితే టప్పుమంటుంది. దోసిలి బోర్లించి కొడితే అడుగు నుంచి గుబ్బుమని బరువైన మోత వస్తుంది. బోర్లించిన పుట్టిని నీటి మీద తేలనిచ్చి దాని వీపు మీద గుద్దితే కింద చిక్కుకున్న గాలికి ఏరంతా గుమ్మంటుంది.

కార్తీకంలో వరద తగ్గి నీళ్ళు తేరుకున్నాక, వల లేకుండా ఒక సాయంత్రం ఉత్త దరువు గంగమ్మ కోసం వాయించేవాళ్ళం. మగవాళ్ళకు మా మామ పెద్ద, ఆడవాళ్ళకు మా అత్త పెద్ద. వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది తక్కువ. ఆ రోజు మాత్రం ఆయన పడవ అంచు మీద ఒక వరస కొడితే ఆమె నీళ్ళ మీద దానికి జవాబు కొట్టేది. ఆయన మెలిక పెడితే ఆమె విప్పేది. "ఇంట్లో అనలేనియ్యన్నీ ఈడ అనుకుంటన్నారు" అని మా తోడికోడలు నన్ను మోచేత్తో పొడిచేది.

దరువు అయిపోయాక గట్టు ఇవ్వడం అని ఒక పద్ధతి ఉండేది. మామ తెడ్డుతో పడవ అంచు మీద గట్టిగా, ఆగి ఆగి తట్టేవాడు. అంతే, మగవాళ్ళంతా పడవలు తీసుకొని ఏటి మధ్య ఇసుక దిబ్బకు పోయి, మాకు వీపులు పెట్టి కూర్చొని బీడీలు కాల్చుకునేవాళ్ళు. చూడ్డానికి వచ్చిన ఊరి రైతులు కూడా తెడ్డు వినగానే లేచి చేల వైపు మళ్ళేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మేం తీరిగ్గా గట్టెక్కి, నాపరాళ్ళ మీద పెట్టుకున్న పొడి చీరలు కట్టుకొని, జుట్టు పిండుకొని, నవ్వుకొని, అప్పుడు కేకేస్తే మగవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, తెడ్డు తట్టాక ఆ గట్టు మీద ఉండకూడదు. ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందని మా వాళ్ళు అనుకునేవాళ్ళు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తల్లో, ఒక మాఘమాసంలో, జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారని, ఆయన ముందు మా దరువు పెట్టించాలని మండలం వాళ్ళు మా వాడకు వచ్చారు. మాఘంలో నీళ్ళు చల్లగా ఉంటాయని అత్త గొణిగింది గానీ లోపల మురిసిపోయింది. మమ్మల్ని చేపలకు తప్ప దేనికీ ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఆడవాళ్ళందరికీ చీరలు కూడా ఇచ్చారు. తెల్లవి, ఎర్రంచు. ఫోటోలో అందరూ ఒక్కలా పడాలట.

"తెల్లకోక నాకేందే? మీ మామ బతికే ఉన్నాడుగా" అంది అత్త.

"ఎర్రంచు ఉందిగా అత్తా."

"ఆ అంచుకే బతికిపోయాడులే ముసలోడు."

నీళ్ళలోకి మేం ఎప్పుడూ ముతక నేత చీరలే కట్టేవాళ్ళం, నల్లవో నీలివో. తడిస్తే ఒంటికి గోనెలా పట్టేవి. ఈ కొత్తవాటిని అరచేతిలో పెట్టుకొని అందరం నిమిరి చూశాం. ఎంత మెత్తగా ఉన్నాయో అనుకున్నాం. ఎంత పలచగా ఉన్నాయో ఎవరికీ తోచలేదు. నా ఈడు వాళ్ళం రవికెలు తొడిగేవాళ్ళం. అత్త ఈడు వాళ్ళకు రవికె అలవాటు లేదు. ఆమెకు పుట్టినప్పటి నుంచీ ఒంటి మీద చీర ఒక్కటే, దాన్నే నిండుగా చుట్టుకొని వాడ తగాదాలు తీర్చేది. ఆమె వస్తుంటే తాగినవాళ్ళు లేచి పక్కకు తొలగేవాళ్ళు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే గట్టు నిండింది. నరసరావుపేట నుంచి మైకుసెట్టు వచ్చింది. మేం చీరలు పెట్టుకునే నాపరాళ్ళ మీద కుర్చీలు వేశారు. మా మూటలు ఫోటోకు అడ్డమని జీపు వెనక్కి చేర్చారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు, కుర్రకారు, ట్రాక్టర్ల మీద వచ్చారు.

దరువు మాత్రం ఎన్నడూ కుదరనంత బాగా కుదిరింది. అది కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. బోర్లించిన పుట్టి మీద మా ఆయన గుద్దుతుంటే మోత నా కడుపులోకి వచ్చేది. మామ పడవ అంచు మీద చేప తోకలా గిర్రున తిప్పిన వరసకు అత్త మోకాళ్ళు వంచి, దోసిళ్ళతో నీళ్ళను అడుగు నుంచి లేపి కొట్టింది. ఎండలో ఆ తుంపర్లు ఆమె తల మీద పడుతుంటే కుర్చీల్లో వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. చివర్లో అందరం ఒకేసారి ఆపాం. ఏరు ఒక్క క్షణం ఊరుకుంది. అప్పుడు చప్పట్లు.

ఆ చప్పట్లలోనే మామ తెడ్డు తట్టాడు. అలవాటు ప్రకారం మగవాళ్ళు పడవలూ పుట్టీలూ మళ్ళించుకొని దిబ్బకు పోయారు. మాకు వీపులు పెట్టి కూర్చున్నారు. బీడీల పొగ లేచింది.

గట్టు మీద ఒక్కరూ లేవలేదు.

"అమ్మా, పైకి రండి. అయ్యగారు మీకు శాలువాలు కప్పుతారు" అన్నాడు మైకాయన.

"వీళ్ళు పోరేందే?" అంది తోడికోడలు. "మామ తెడ్డు కొట్టాడుగా. చెవుడా వీళ్ళకి?"

"వాళ్ళకేం తెలుసక్కా, తెడ్డు సంగతి" అన్నాను.

"తెలియకపోటమేంది?" అంది అత్త. "తెడ్డు కొడితే గట్టిచ్చి పోవాల. ఎవురికైనా అంతేగా."

అంటూనే ఆమె ఒక్కడుగు గట్టు వైపు వేసింది. నీళ్ళు నడుం దిగాయి. అప్పుడు తన ఒంటిని తను చూసుకుంది. నేనూ చూశాను. చూడకుండా ఉండాల్సింది. చీర ఉన్న చోట చీర లేదు. ఆమె చటుక్కున గొంతుదాకా నీళ్ళలో కూర్చుంది. మేమందరం అలాగే కూర్చున్నాం.

"ఇది కోక కాదే, ఉల్లిపొర" అంది నెమ్మదిగా.

"సిగ్గుపడకండి తల్లీ! అందరం మీ అన్నదమ్ముల్లాంటి వాళ్ళమే" మైకు. జనం నవ్వారు. వెనక ట్రాక్టర్ల దగ్గర ఎవరో ఈల వేశారు. ఒక ఈల పడితే పది పడతాయి. మేం ఎందుకు రావట్లేదో కొందరికైనా తెలిసిందని ఆ ఈలల్లోనే నాకు అర్థమైంది. ముందు వరసల వాళ్ళకు నిజంగానే తెలియలేదు. ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో నాకిప్పటికీ తేలలేదు.

ఎండ దిగుతోంది. నీళ్ళు కొరుకుతున్నాయి. అత్త పెదాలు నల్లబడ్డాయి. ఆమెకు ఆ ఏడాది ఛాతీలో దగ్గు పట్టుకొని ఉంది.

"నేను ఈడనుంచి ఇట్టా కదల్ను" అంది. "చచ్చినా కదల్ను. ఏమే, నువ్వు అన్ని పుస్తకాలు చదివినదానివి. ఆ మైకాయనకి అర్థమయ్యేటట్టు ఒక్క ముక్క చెప్పవే."

నేను తల పైకెత్తాను. చెప్పాల్సింది చిన్న మాట. బట్టలు తడిసి ఒళ్ళు కనపడుతోంది, కాసేపు అవతలకు పొండి. మా వాడలో అయితే చిన్నపిల్ల కూడా అరిచి చెబుతుంది. అంతమంది కొత్త మగవాళ్ళ ముందు ఒళ్ళు అనే మాట నా నోట్లోంచి రాలేదు. దాని బదులు చదివిన నాటకాల్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"అయ్యా, సభలోని పెద్దలు దయచేసి కొంతసేపు నిష్క్రమించవలసిందిగా మా విన్నపం!"

గట్టంతా చప్పట్లు. మైకాయన పొంగిపోయాడు. "చూశారా! చేపలమ్ముకునే చెల్లెలు ఎంత చక్కటి భాష మాట్లాడిందో! ఏదమ్మా, ఇంకొక్క మాట!"

నీళ్ళలో మా వాళ్ళందరూ నా వైపు చూశారు. తోడికోడలు నా చెయ్యి పట్టుకొని, పళ్ళు టకటకలాడుతుంటే, "వాళ్ళు పోతన్నారా వస్తన్నారా?" అని అడిగింది.

అప్పుడు అత్త నీళ్ళలో కూర్చునే చేతులు పైకి తీసింది. దరువు కాదు. వేటలో వల నిండి బరువెక్కి చేతులు జారిపోతుంటే మగవాళ్ళను పిలిచే మోత. రెండు అరచేతులూ కలిపి, ఊపిరి తీసుకోకుండా నీళ్ళను కొట్టడం. అది ఉత్తినే ఎవరూ కొట్టరు. జనం ఇంకో అంకం మొదలైందనుకొని మళ్ళీ కూర్చున్నారు. ఫోటో తీసే ఆయన రాళ్ళ అంచుదాకా వచ్చాడు.

దిబ్బ మీద బీడీలు ఆరాయి. కానీ మా వాళ్ళు తిరిగి చూడలేదు. మేం కేకేయకుండా చూడకూడదు కదా. పుట్టీలు నీళ్ళలోకి తోసి, మాకు వీపులు పెట్టుకునే తెడ్లు వెనక్కి వేస్తూ వచ్చారు. అంత మంది మగవాళ్ళు వెనక్కి వెనక్కి వస్తుంటే గట్టు మీద నవ్వులు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"ఏందే, ఏమైంది?" అన్నాడు మామ, ముఖం తిప్పకుండానే.

"గట్టు ఎవురికిచ్చి పోయావయ్యా?" అంది అత్త. "మమ్మల్ని ఎవురికి వదిలేసి పోయావు?"

అప్పుడాయన మా తలల మీదుగా గట్టు వైపు తిరిగి చూశాడు. కుర్చీలు, మైకు, ట్రాక్టర్ల మీద కుర్రకారు. ఆయన ముఖం నేను చూశాను. అంత పెద్దమనిషి ముఖం అలా కావడం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నీళ్ళలోకి దిగి, కళ్ళు మూసుకొని, తను వచ్చిన పుట్టిని అంచు పట్టి తిప్పి మా ఇద్దరి మీదా బోర్లించాడు.

లోపల చీకటి, తారు వాసన. వెదురు సందుల నుంచి నీళ్ళు కారి మెడ మీద పడుతున్నాయి. అంచు చెరోవైపు పట్టుకొని లేచాం. మోకాళ్ళ కింద తప్ప మాలో ఏదీ బయటకు కనపడదు. వెనక మిగతావాళ్ళ మీద కూడా ఒక్కొక్కటే పుట్టి బోర్లిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మామ బయట నుంచి పుట్టి మీద చెయ్యి వేసి దారి చూపిస్తున్నాడు. "రాయుంది, చూసి. ఎడమకు." అంచు కింద నుంచి నాకు కుర్చీల కాళ్ళు, బూట్లు, పంచెల అంచులు కనిపించాయి. బూట్లు పక్కకు తప్పుకున్నాయి. పైన చప్పట్లు మొదలయ్యాయి. దరువుకు కొట్టినదానికంటే ఎక్కువ కొట్టారు. ఎవరో ఉత్సాహం పట్టలేక మా పుట్టి మీద వేళ్ళతో తాళం వేశారు. ఆ తాళం మా తలల మీద పడుతోంది. అత్త నిలువెల్లా వణుకుతోంది, చలికో దేనికో. నా వైపు చూడలేదు.

"ఇది ఎవురితో అనబాక" అంది. "ఆటనే అనుకోనీ."

జీపు వెనక ఎవరూ లేరు, డ్రైవరు తప్ప. అతనికి మేం చెప్పింది లేదు. మేం వస్తుండగానే అతను జీపును అడ్డంగా మళ్ళించి, మా మూటలు దించి వరసగా పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడి, వచ్చే కుర్రవాళ్ళను "ఏయ్, అటు పోండ్రా" అని అదిలిస్తున్నాడు. అక్కడే చీరలు మార్చుకున్నాం. అత్త తన నల్లచీర చుట్టుకొని, కొంగు రెండుసార్లు తిప్పి కప్పుకొని, మైకు పిలిస్తే పోయి శాలువా కప్పించుకుంది. తలెత్తే నిలబడింది. ఆ తాబేలు ఆట ఎవరు నేర్పారని ఆఫీసరు అడిగారు.

"మా పెద్దలు" అంది.

మామ ఆ మాట విని తల దించుకున్నాడు. పుస్తకంలోని తరతరాలు అక్కడ మొదలయ్యాయి.

ఆ తర్వాత పిలుపులు వచ్చాయి. సాగరు కాలవల దగ్గర, తిరునాళ్ళలో, మాచర్ల వైపు కూడా. అందరూ తాబేళ్ళ నడకే అడిగారు. మా వాళ్ళు చేశారు. అత్త మాత్రం కీళ్ళనొప్పులని చెప్పి మళ్ళీ నీళ్ళు చరచలేదు. కార్తీకంలో గంగమ్మకు కూడా చరచలేదు. మామ పడవ మీద వరస కొట్టి, జవాబు కోసం ఒక్క క్షణం ఆగేవాడు. నేను కొట్టేదాన్ని. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. శాలువాను ఆమె కోళ్ళగంప మీద కప్పింది. చనిపోయేదాకా ఆ సాయంత్రం మాట నాతో ఎత్తలేదు.

ఇప్పుడు ఏటికి ఆనకట్ట వచ్చి ఆ గట్టు, ఆ దిబ్బ నీళ్ళ కిందకు పోయాయి. ముంపువాళ్ళకు ఇచ్చిన కాలనీలో ఉంటున్నాం. మొన్న నా మనవరాలు తన జట్టుతో దరువుకు పోతూ తెల్లచీర తెచ్చి చూపించింది. ప్రాచీన ఆచారం కాబట్టి తెల్లదే కట్టాలని చెప్పారట. ఆ పుస్తకం చూసే చెప్పి ఉంటారు. ఇక దాచలేక అంతా చెప్పాను.

దాని మనసు పెద్దగా కదలలేదు. "నానమ్మా, మేం లోపల ప్యాంట్లు, బనియన్లు వేసుకుంటాం. మాకేం కనపడదు" అంది. చీర మడత పెడుతూ, "మరి జేజమ్మ ఎవురితో అనొద్దంది గదా, నాకెందుకు చెప్పావు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. అబద్ధం ఆమె పరువు కాపాడింది, నిజమే. కానీ ఆ అబద్ధం అచ్చయ్యాక పుట్టి కింద వణికిన మనిషి లేకుండా పోయింది. తాబేలు మిగిలింది. నేను నమ్మిన అచ్చులోనే ఆమె కూడా ఉండాలి. ఆమె ఉంటే సిగ్గుపడేది. ఆమె తరఫున ఇది రాస్తూ ఆ సిగ్గు నేను పడుతున్నాను.

మనవరాలు వెళ్ళేటప్పుడు, "దరువు అయ్యాక ముందు జనాన్ని పంపించాలని మైకాయనకి చెబుతాలే" అంది. ఎలా చెబుతావని అడిగాను. "ఇంటికి పొండయ్యా, మేం బట్టలు మార్చుకోవాలి అంటాను" అంది. ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది దానికి.

ఇది రాయడానికి తోడైనవాళ్ళకు దండాలు పెట్టుకోవాలి. మామ పేరూ అత్త పేరూ నోటితో అనడం మాకు అలవాటు లేదు, కాబట్టి వరసలతోనే చెబుతాను. చేపల వాసనకు కండువా అడ్డం పెట్టుకొని కూడా కిటికీ పక్క చోటిచ్చిన గ్రంథాలయం సారుకు. చలిలో నా చెయ్యి వదలని మా తోడికోడలికి. రోడ్డు వైపు తిరిగి నిలబడిన జీపు డ్రైవరుకు, ఆయన ముఖం నాకు గుర్తు లేదు, వీపే గుర్తు. వెనక్కి తెడ్డేసుకుంటూ వచ్చిన మా ఆయనకు, బావలకు, మరుదులకు. కళ్ళు మూసుకొని పుట్టి బోర్లించిన మా మామకు. అడగకూడని ప్రశ్న అడిగిన మనవరాలికి. చివరికి, ఎవరితోనూ అనవద్దన్న మా అత్తకు. ఆమెకు దండం పెట్టి, క్షమించమని కూడా అడుగుతున్నాను.